పదకొండో తలుపు

ఆ శనివారం సాయంత్రం నాలుగు గంటలకు దీనమ్మ గారి ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు.

దీనమ్మ గారు, డెబ్బై ఆరేళ్ళు, వీధి గుమ్మం పక్కన కుర్చీలో. ఆవిడ కొడుకు జోజి, హైస్కూల్లో లెక్కల మాస్టారు, వేసవి సెలవులు గనక నిద్రలో. జోజి భార్య జాయ్, మస్కట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసే పనిలో ఉంది. అయినా అల్మారాలో పంచదార డబ్బాకి ఆనించిన ఫోన్‌లో కనపడుతోంది గనక ఇంట్లో ఉన్నట్టే. పాలలోకి తోడు కోసమని వచ్చి, ఆ గిన్నె చేత్తో పట్టుకునే గంట నుంచి కబుర్లు చెబుతున్న వీధి మొదటింటి అన్నపూర్ణ గారు. కొబ్బరి దింపు తీయడం అయిపోయినా రెండో గ్లాసు కాఫీ అయిపోని అమ్మిరాజు. తలుపు రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన గంపలో పొదుగుతున్న కోడిపెట్ట. దాని కింద పదమూడు గుడ్లు.

ఈ జాబితా రాసింది దీనమ్మ గారి మనవరాలు లిడియా. పదో తరగతి పాసై, ఇంటర్‌లో చేరబోయే ముందు ఖాళీగా ఉన్న పిల్ల. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో వీధి వార్డెన్ దగ్గర రాసి ఉండాలి, బాంబు పడితే ఎంతమందిని వెతకాలో తెలియాలి కదా అని యుద్ధం డ్రిల్లు నేర్పే ఆయన చెప్పారు. అందుకని ఫోన్‌లో ఉన్న అమ్మని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాసింది. కోడిని రాసింది. గుడ్లని వదిలేసింది. తర్వాత మనసొప్పక గుడ్లు కూడా రాసింది.

అవి సరిహద్దులో యుద్ధం వచ్చేస్తుందని టీవీలు పగలూ రాత్రీ కేకలు పెడుతున్న రోజులు. ఆ సరిహద్దు ఈ ఊరికి రెండు రోజుల రైలు ప్రయాణం దూరం. అయినా కొబ్బరి తోటల కింద గ్యాస్ పైపులున్న ప్రాంతం కాబట్టి, ఇక్కడివాళ్ళకి కూడా తర్ఫీదు ఉండాలన్నారు. సైరన్ మోగిన అయిదు నిమిషాల్లో ప్రతి ఇంటి తలుపూ మూసుకోవాలి, వార్డెన్ తప్ప వీధిలో మనిషి కనపడకూడదు. ఇదీ పరీక్ష. అది నేర్పడానికి మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన దుర్గాప్రసాద్ గారు కె.గంగవరం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చారు.

సోమవారం నాడు స్కూలు వరండాలో మీటింగు పెట్టి, “చర్చి వీధికి వార్డెన్‌గా ఎవరుంటారు?” అని ఆయన అడిగారు. సరిగ్గా అప్పుడే లిడియా చెయ్యెత్తింది. మామ్మకి మాత్రలు వేసే వేళయింది, ఇంటికి వెళ్ళొచ్చా అని అడుగుదామని ఎత్తిన చెయ్యి అది.

“శెభాష్! పేరేంటమ్మా?”

లిడియా చెప్పింది. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. ఆయన దాన్ని చదివి, ఒక పసుపుపచ్చ రేడియం కోటు ఆమె భుజాల మీద కప్పి, మెడలో ఒక విజిల్ వేసేశారు.

నిజానికి లిడియా మర్నాడు వెళ్ళి పొరపాటైందని చెప్పి అవి తిరిగి ఇచ్చేద్దామనే అనుకుంది. ఆమె గొంతు చిన్నప్పటి నుంచీ ఆమెకి తప్ప ఎవరికీ వినపడదు. ఎనిమిదో తరగతిలో “ప్రెజెంట్ మేడమ్” అన్నది మేడమ్ చెవిదాకా చేరక నలభై ఒక్క రోజులు ఆబ్సెంటు పడింది. బస్సులో “దిగాలండి” అన్నది కండక్టరుకి వినపడక రెండుసార్లు అంబాజీపేట దాకా వెళ్ళి, కొబ్బరికాయల లారీలు చూసి తిరిగొచ్చింది. అలాంటి పిల్ల వీధిని ఎలా అదిలిస్తుంది?

అయితే ఆ సాయంత్రం పెరట్లో, ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి విజిల్ ఊది చూసింది. వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడింది. రామచిలుకలు గుంపుగా లేచాయి. వంటింట్లో మామ్మ “ఎవరది?” అంది. తను చేసిన చప్పుడుకి లోకం తలెత్తి చూడటం లిడియా బతుకులో అదే మొదలు. ఇంక ఆ విజిల్ తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

బుధవారం నాడు మొదటి డ్రిల్లు జరిగింది. సరిగ్గా నాలుగింటికి రైసు మిల్లు సైరన్ మోగింది. చర్చి వీధిలో ఇళ్ళు పదకొండు. లిడియా మొదటి ఇంటి గుమ్మం ముందు నిలబడి విజిల్ ఊదింది. అది అన్నపూర్ణ గారి ఇల్లు.

“ఆంటీ, సైరనండి. లోపలికెళ్ళి తలుపేసుకోవాలండి.”

“ఏసుకుంటాను తల్లీ, ఏసుకోకేం. నువ్వు ముందు లోపలికి రా.”

“నేను రాకూడదండి. వార్డెన్నండి.”

“వార్డెన్నైతే దాహమెయ్యదేంటి? మొహం చూడు ఎలా కందిపోయిందో. గుమ్మంలో మనిషిని నిలబెట్టి తలుపేసుకుంటే నన్నేమంటారు? రా, రా.”

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, తలుపు మూసి, “ఇదిగో, ఏసేను. సంతోషవేనా?” అంది. లిడియా లోపల ఉంది. మజ్జిగ తాగింది. తాగాక బయటికి రావాలి కదా, తలుపు తెరిచారు. వచ్చినవాళ్ళని గేటు దాకా సాగనంపకపోతే మర్యాద కాదని అన్నపూర్ణ గారూ ఆవిడ భర్త మంగరాజు గారూ కూడా వచ్చారు. గేటు దాకా వచ్చినవాళ్ళు, పిల్ల ఒక్కర్తీ వెళ్తోంది కదా అని రెండో ఇంటి దాకా వచ్చారు.

రెండో ఇంట్లో ముంజెలు పెట్టారు. మూడో ఇంట్లో కొబ్బరి నీళ్ళు. నాలుగో ఇంట్లో వాళ్ళు తలుపు నిజంగానే వేసుకున్నారు గానీ, విజిల్ విని “అయ్యో, ఎవరో వచ్చేరు” అని తీసేశారు. అయిదో ఇంట్లో మామిడిపండు ముక్కలు. ప్రతి ఇంటి నుంచీ ఇద్దరు ముగ్గురు సాగనంపడానికి బయల్దేరడంతో, ఎనిమిదో ఇంటికి చేరేసరికి లిడియా వెనక చిన్న పెళ్ళి ఊరేగింపంత మంది ఉన్నారు. అందరూ తలలెత్తి, విమానాలు రాజోలు వైపు నుంచి వస్తాయా, అమలాపురం వైపు నుంచా అని వాదించుకుంటున్నారు.

దుర్గాప్రసాద్ గారు వచ్చి చూసేసరికి నలభై నిమిషాలైంది. పదకొండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన ఊపిరి గట్టిగా తీసుకుని, మిలిటరీ గొంతుతో “ఏంటండీ ఇది!” అని మొదలుపెట్టారు.

“ఎండన పడి అరవకండి, గొంతు పోద్ది. కూర్చోండి,” అని దీనమ్మ గారు కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు. ఆయన కూర్చున్నారు. కాఫీ తాగాక అదే గొంతుతో తిట్టడం ఎవరి వల్లా కాదు.

“చూడమ్మా,” అన్నారు నెమ్మదిగా. “పదకొండుకి సున్నా. ఇదే నిజమైతే మీ వీధిలో ఒక్కరూ మిగిలేవారు కాదు. శనివారం మళ్ళీ పెడతాను. పదకొండు తలుపులూ అయిదు నిమిషాల్లో పడాల. ఒక్కటి తెరిచున్నా సరే, కోటూ విజిలూ శ్యామ్ బాబుకి ఇచ్చేస్తాను. ఏమనుకోకు.”

శ్యామ్ బాబు పక్కనే ఉన్నాడు. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళకీ క్రిస్మస్‌కీ మైకు సెట్టు పెట్టేది అతనే. మీటింగు రోజున మైకు వైరు సరిచేస్తూ బయట ఉండిపోవడం వల్లనే ఈ ఉద్యోగం తనకి తప్పిపోయిందని అతని బాధ.

“కోటు నాకు చాలండి,” అన్నాడు. “నాకు మైకుంది, విజిలెందుకు? మా మేనల్లుడికిస్తాను, నోట్లో పెట్టుకుని ఆడుకుంటాడు. వాడికి పళ్ళొస్తన్నాయి.”

లిడియా విజిల్‌ని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. ఏదో అనాలనుకుంది. అంది కూడా. ఎవరికీ వినపడలేదు.

గురువారమంతా కూర్చుని పది చీటీలు రాసింది. “శనివారం సైరన్ మోగినప్పుడు దయచేసి నన్ను లోపలికి పిలవకండి. కాఫీ ఇవ్వకండి. సాగనంపకండి. తలుపు వేసుకోండి. మీ లిడియా.” ఇంటింటికీ ఇచ్చింది. అందరూ చదివి, “ముత్యాల్లా రాసేవే!” అని మెచ్చుకుని ఫ్రిజ్జులకి అంటించుకున్నారు. మంగరాజు గారు మాత్రం వెనకాలే పరిగెత్తుకొచ్చి, “కాఫీ వద్దన్నావు కదమ్మా, శనివారానికి మీ ఆంటీని సగ్గుబియ్యం పాయసం చెయ్యమన్నాను. అది పర్లేదు కదా?” అని అడిగాడు.

పదకొండో చీటీ రాయలేదు. పదకొండో ఇల్లు సొంతిల్లు. శుక్రవారం పొద్దున్న మామ్మ జడ వేస్తుంటే అడిగింది.

“మామ్మా, రేపు నేనొచ్చి విజిలూదితే తలుపేసేస్తావా?”

“నువ్వు లోపలికొచ్చేక ఏస్తాను.”

“నేను బయటే ఉండాలి.”

“అయితే ఎయ్యను.”

“ఎందుకే?”

దీనమ్మ గారు జడ అల్లుతూనే చెప్పారు. “మా నాన్న పనిచేసిన రైతు గారింట్లో, వాన కురస్తన్నా మమ్మల్ని అరుగు కిందే నిలబెట్టేవోరు. చూరు నీళ్ళు నెత్తిన పడతా ఉండేవి. ఓ రోజు నేను గుమ్మం ఎక్కబోతే నా మొహాన తలుపేసేరు. నాకప్పుడు ఏడేళ్ళు. ఈ ఇల్లు కట్టుకున్న రోజున మీ తాతతో చెప్పేను, నా గుమ్మం ముందు మనిషి నిలబడుండగా ఈ తలుపు పడదని. యాభై ఏళ్ళయ్యింది. పడలేదు. అటు తిరుగు, రిబ్బను కట్టనీ.”

లిడియా అటు తిరిగింది. అంటే రేపు మిగిలిన పది ఇళ్ళూ తలుపులేసుకున్నా సొంతిల్లే తన విజిల్‌ని శ్యామ్ బాబు మేనల్లుడి పళ్ళకి అప్పజెబుతుందన్నమాట.

అయినా మిగిలిన పది ఇళ్ళు మాత్రం ఎక్కడ వేసుకుంటాయి? ఇలా అనుకుంటూ వీధిలోకి చూస్తూ కూర్చుంది. అప్పుడే ఒక విచిత్రం కళ్ళ పడింది.

వీధి మొగలో నల్ల గొడుగు ఒకటి కనపడింది. టప్‌మని మొదటి తలుపు మూసుకుంది. గొడుగు ముందుకొచ్చింది. టప్, టప్. రెండోదీ మూడోదీ. నాలుగో ఇంటాయన అరుగు మీద చదువుతున్న పేపరు అక్కడే వదిలేసి లోపలికి దూకాడు. గొడుగు నడిచినంత మేరా, పిల్లి నడిచే దారిలో పిచికలు ఎగిరిపోయినట్టు, మనుషులు మాయమయ్యారు. సైరన్ లేదు, విజిల్ లేదు. పది తలుపులు.

గొడుగు కింద ఉన్నది ఎలీషా గారు.

ఎలీషా గారు పక్క వీధిలో ఉంటారు, కువైట్‌లో వంటమనిషిగా చేసి వచ్చినాయన. “నైన్టీలో, ఆగస్టు రెండో తారీఖు పొద్దున్న...” అని మొదలుపెడితే ఆయన ఆపరు. కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చి పడటం, సెల్లారులో నలభై మందితో దాక్కోవడం, ఎడారిలో బస్సులు, జోర్డాను, అమ్మాన్ విమానాశ్రయం, చివరికి ఇల్లు. రెండు గంటల కథ. ముప్ఫై అయిదేళ్ళుగా చెబుతున్నా ఆ వీధిలో ఎవరూ బస్సు ఎక్కేదాకా కూడా విన్న పాపాన పోలేదు. మొత్తం విన్నది దీనమ్మ గారొక్కరే. వారం వారం వింటారు. ఆవిడ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా.

ఆ రోజూ ఆయన వచ్చి కూర్చున్నారు. సెల్లారు దాకా వచ్చారు.

“మా బిల్డింగుకి హారిస్ ఉండేవాడండి. అక్కడ వాచ్‌మన్ని హారిస్ అంటారు. ఈజిప్టు వాడు. మమ్మల్ని లోపలికి తోలి, తలుపేసుకోమని తను బయటే కూర్చునేవాడు.”

“పాపం. లోపలికి రమ్మనలేదాండి?” దీనమ్మ గారు ప్రతి వారం అడిగినట్టే అడిగారు.

“ఎన్నిసార్లన్నామోనండి. ‘నేనూ లోపలికొచ్చేస్తే మిమ్మల్నెవరు చూస్తార్రా?’ అనేవాడు. గడియ పడ్డ చప్పుడు వినపడితేనే నవ్వేవాడు. వినపడకపోతే వెనక్కొచ్చి తలుపుని తన్నేవాడండి!”

లిడియా ఇవేవీ వినడం లేదు. గొడుగు వైపే చూస్తోంది. కథ విమానం ఎక్కేదాకా ఓపిగ్గా ఆగి, ఎలీషా గారి వెనక గేటు దాకా వెళ్ళింది.

“తాతగారూ.”

వినపడలేదు. చొక్కా పట్టుకుని లాగింది.

“రేపు డ్రిల్లుకి నాతో వస్తారాండి? ఈ ఊళ్ళో నిజం యుద్ధం చూసింది మీరొక్కరే కదండీ.”

ఎలీషా గారు గొడుగు మూశారు. మళ్ళీ తెరిచారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎన్నింటికమ్మా?” అన్నారు. ఆ ముఖం చూశాక లిడియాకి ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. కానీ విజిల్ ఇంకా మెడలోనే ఉంది, అది ఉండాలి.

శనివారం నాలుగింటికి ఇంట్లోవాళ్ళ జాబితా రాసుకుని లిడియా వీధి మొగలోకి వెళ్ళింది. ఎలీషా గారు అప్పటికే ఉన్నారు. కువైట్‌లో కుట్టించుకున్న సఫారీ సూటు వేసుకున్నారు. అది అప్పటి కొలత, ఇప్పటి పొట్ట. రెండు బొత్తాలు ప్రాణాలకి తెగించి పనిచేస్తున్నాయి. దుర్గాప్రసాద్ గారు ఫోన్‌లో టైము పెట్టుకుని నిలబడ్డారు. శ్యామ్ బాబు మైకు తెచ్చుకున్నాడు, అప్పుడే కోటు తనదైనట్టు చేతులు చాపి కొలత చూసుకుంటున్నాడు.

సైరన్ మోగింది. లిడియా విజిల్ ఊదింది. మంగరాజు గారు పాయసం గిన్నెతో నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు.

“ఆయ్ మంగరాజు గారూ!” అన్నారు ఎలీషా గారు చేతులు చాపి. “నైన్టీలో ఇదే సైరనండి. ఆగస్టు రెండో తారీఖు...”

టప్. తలుపు పడింది. గడియ కూడా పడింది. పాయసం గిన్నె అరుగు మీదే మిగిలింది.

“చూసేవా అమ్మాయ్, ఎంత క్రమశిక్షణో!” అన్నారు ఎలీషా గారు.

రెండో ఇల్లు, మూడో ఇల్లు. కొన్నిచోట్ల ఎలీషా గారు నోరు తెరవక్కర్లేకపోయింది, గొడుగు నీడ చాలింది. ఆరో ఇంట్లో ఒకాయన స్నానం మధ్యలో తువ్వాలుతో బయటికొచ్చి, ఎలీషా గారిని చూసి, సబ్బు నురగతోనే వెనక్కి జారుకుంటూ వెళ్ళి కాలితో తలుపు తన్నాడు. దుర్గాప్రసాద్ గారు ముక్కున వేలేసుకున్నారు. “మిలిటరీలో కూడా ఇలా చూళ్ళేదండి,” అన్నారు.

తొమ్మిది తలుపులు పడేసరికి మూడు నిమిషాలైంది. శ్యామ్ బాబు ముఖం వాడిపోయింది. పదో ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, మైకులో, “ఇలా మనుషుల్ని భయపెట్టి ఏయించడం రూల్సులో లేదండి! ఇది చెల్లదండి!” అని మొదలుపెట్టాడు.

“రా బాబూ,” అని ఎలీషా గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “నీకు అమ్మాన్ సంగతి చెప్పనే లేదు కదా. మైకు కూడా తెచ్చేవు, మంచిదైంది. అందరూ వింటారు.”

శ్యామ్ బాబు ఆ చేతి కిందనుంచి వంగి దూరి, పదో ఇంట్లోకి పరిగెత్తి, వాళ్ళ తలుపు తనే వేసేశాడు.

ఎలీషా గారు గొడుగు మార్చి పట్టుకుని, లిడియా వైపు వంగి మెల్లగా అన్నారు. “ముప్ఫై అయిదేళ్ళ నుంచీ ట్రైనింగిస్తన్నానమ్మా ఈ వీధికి. ఇవాళ్టికి పనికొచ్చింది.” లిడియా గభాలున తలెత్తి చూసింది. ఆయన కళ్ళు నవ్వుతున్నాయో లేదో అద్దాల మెరుపులో తెలియలేదు.

“మూడు నిమిషాల నలభై!” అన్నారు దుర్గాప్రసాద్ గారు. “ఇంకోటే!”

పదకొండో తలుపు ఎప్పటిలాగే రెండు రెక్కలూ తెరుచుకుని ఉంది. దీనమ్మ గారు కుర్చీలోంచి లేచారు.

“రండి ఎలీషా గారూ. సూటేసేరేంటండీ ఈ ఎండలో! కూర్చోండి.”

ఎలీషా గారు అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి కూర్చున్నారు. లిడియా జాబితాలో ఆయన పేరు కలిపింది.

“దుర్గాప్రసాద్ గారూ, మీరూ రండి.”

“ఆయ్, వస్తా...” అని ఒక కాలు గుమ్మం మీద పెట్టి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నారు ఆయన. “డ్యూటీలో ఉన్నానండి. ఎదురుగా మిల్లు గోడ దగ్గర నిలబడతాను. నాలుగు నిమిషాల అయిదు!”

“లిడియా, రా మరి. నువ్వొచ్చేస్తే ఏసేస్తాను.”

“మామ్మా, నేను రాకూడదు.” ఎవరికీ వినపడలేదు.

“రావే, కాళ్ళు కాలతన్నాయి.”

“పిల్లని ఎండలో నిలబెట్టేరేంటండీ,” అంది అన్నపూర్ణ గారు తోడు గిన్నె పట్టుకునే. అమ్మిరాజు కాఫీ గ్లాసు చూపించి, రమ్మని చెయ్యి ఊపాడు. అల్మారాలోంచి జాయ్ “ఏంటత్తయ్య గారూ, ఏంటి?” అంటోంది. జోజి నిద్రలో అటు తిరిగాడు.

“నాలుగు నిమిషాల ఇరవై!”

లిడియా విజిల్ నోట్లో పెట్టుకుంది. కానీ ఈ మామ్మకి విజిల్‌తో చెప్పేది కాదు ఇది. వానలో అరుగు కింద నిలబడ్డ ఏడేళ్ళ పిల్లకి చెప్పాలి. ఏం చెప్పాలి? అప్పుడు, ఇన్నేళ్ళుగా విననట్టే విన్న మాట ఒకటి దానంతటదే నాలిక మీదికి వచ్చింది. విజిల్ వదిలేసింది.

“మామ్మా! నేను హారిస్‌ని!”

ఆ కేక మిల్లు గోడకి తగిలి వెనక్కి వచ్చింది. వీధి చివరి కుక్క లేచి నిలబడింది. జోజి మంచం మీద లేచి కూర్చుని, “ఎవరు? ఎవరు?” అన్నాడు. మస్కట్‌లో జాయ్, “ఎవరండీ అది అరిచింది? మన లిడియావేనా?” అని అడిగింది. మూసి ఉన్న పది తలుపుల వెనకా గుసగుసలు ఆగిపోయాయి.

లిడియాకే భయమేసింది. కానీ గొంతు ఇంకా ఉంది, దాన్ని పోనివ్వకుండా గబగబా మాట్లాడింది. “నేను కూడా లోపలికొచ్చేస్తే మిమ్మల్నెవరు చూస్తారు మామ్మా? నన్నెవరూ బయట నిలబెట్టలేదు. నేనే నిలబడ్డాను.”

దీనమ్మ గారు మనవరాలి వైపు చూశారు. పసుపుపచ్చ కోటు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. తర్వాత ఎలీషా గారి వైపు తిరిగారు.

“ఏమండీ, నిజవేనాండి?”

ఎలీషా గారు సూటు సర్దుకుని లేచి నిలబడ్డారు. ఒక బొత్తాము అప్పుడు ఊడింది. “ఆయ్. హారిసేనండి. ఏసెయ్యండి.”

“జోజీ! ఆ గంప తియ్యరా!”

జోజి నిద్రమత్తులో గంప ఎత్తాడు. కోడి అతని బొటనవేలు పొడిచింది. అతను కెవ్వుమన్నాడు. “గుడ్లు! గుడ్లు జాగ్రత్తండీ!” అని మస్కట్ నుంచి జాయ్ అరిచింది. పదమూడు గుడ్లూ, కోడీ, జోజీ లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

“నాలుగు నిమిషాల నలభై అయిదు!” దుర్గాప్రసాద్ గారు గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చారు.

దీనమ్మ గారు ఒక్కో చేత్తో ఒక్కో రెక్క పట్టుకున్నారు.

“చెప్పులేసుకున్నావా?”

“ఏసుకున్నాను మామ్మా.”

“మంచినీళ్ళున్నాయా?”

“ఉన్నాయి.”

“ఏసేస్తన్నాను మరి. నీ మొహానే ఏస్తన్నాను, చూడు.”

“గట్టిగా ఎయ్యి మామ్మా. నాకు చప్పుడు వినపడాలి.”

“నాలుగు నిమిషాల యాభై మూడు!”

దీనమ్మ గారు మనవరాలిని పైనుంచి కిందిదాకా చూసుకుని, యాభై ఏళ్ళలో మొదటిసారి, ఎదురుగా మనిషి నిలబడి ఉండగా, వీధి మొగ దాకా వినపడేలా ధడేల్‌మని తలుపు వేసి గడియ పెట్టారు.